ఆరడుగుల దూరం

కొత్తపేట దగ్గరి విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు మొదటి రైలు ఆరు దాటిన కాసేపటికి వస్తుంది. మూడేళ్ల కిందట, ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున, నా మూలంగా ఆ రైలు ఒకమ్మాయికి తప్పిపోయింది.

నేరం నాది కాదు, నా భుజానికి వేలాడే సంచిది. అందులో పద్నాలుగు గోల్ఫ్ క్లబ్బులు ఉంటాయి. తెలియనివాళ్లకు అవి ఇనుప కర్రలు. రోజూ ఉండే సెక్యూరిటీ ఆయన నన్ను చూడగానే చెయ్యి ఊపి పంపేసేవాడు. ఆ రోజు కొత్తాయన ఉన్నాడు.

"ఏందివి? రాడ్లా?"

"గోల్ఫ్ ఆడే కట్టెలన్నా. రోజూ తీస్కపోత."

"నాకు తెల్వదు. ఒక్కొక్కటి తీసి చూపెట్టు."

తీసి చూపెట్టడం మొదలుపెట్టాను. ఆరోది తీస్తుండగా వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏమండీ, మొత్తం ఎన్ని ఉన్నాయి?"

"పద్నాలుగు."

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ. ఒకటి చూపిస్తే సరిపోదూ?"

"ఒక్కతీరు లేవు మేడం. దేని పని దానిదే."

"నాకూ పని ఉందండీ. ఏడింటికి అమీర్‌పేటలో క్లాసు. నూట ఇరవై మంది కూర్చుని ఉంటారు."

తిరిగి చూశాను. ఇంకా ఆరని జడ, చంకలో ప్రశ్నపత్రాల కట్ట, కుడిచేతి వేళ్లకు నీలం మార్కర్ మరకలు. కోపంతో కళ్లు పెద్దవయ్యాయి గానీ, ఆ కోపంలో కూడా 'అండీ'ని మాత్రం వదల్లేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వకుండా ఉండాల్సింది.

పైన రైలు వచ్చిన చప్పుడు, వెళ్లిపోయిన చప్పుడు వరసగా వినిపించాయి.

ప్లాట్‌ఫాం మీద ఇద్దరమే మిగిలాం.

"సారీ మేడం."

"నాకెందుకు? మా డైరెక్టర్‌కి చెప్పండి."

"నంబర్ ఇయ్యండి, చెప్త."

"ఎవరి నంబర్?"

"డైరెక్టర్‌ది."

అటు తిరిగి నవ్వు దాచుకుంది. దాచుకోవడం పూర్తిగా కుదరలేదు.

తర్వాతి రైల్లో ఎదురెదురుగా కూర్చున్నాం. సంచిని మోకాళ్ల మధ్య పెట్టుకున్నాను. చైతన్యపురి దాటాక ఆమే అడిగింది.

"అసలు వీటితో ఏం చేస్తారు?"

"ఆడుత. అదే నా పని."

చెప్పాను. దక్షిణాదిలో ప్రొఫెషనల్‌గా ఆడే మగవాళ్లకు ఒక టూర్ ఉంది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఎనిమిది పోటీలు. చెన్నై, బెంగళూరు, కోయంబత్తూరు, ఊటీ, ఇలా తిరిగి తిరిగి చివరిది హైదరాబాద్‌లో. ఒక్కో పోటీ మూడు రోజులు. వచ్చిన స్థానాన్ని బట్టి పాయింట్లు. సీజన్ అయ్యేసరికి మొదటి ఐదుగురిలో ఉంటే దేశమంతా తిరిగి ఆడే పెద్ద టూర్‌లో చోటు దొరుకుతుంది. ఆరోవాడి నుంచి అందరూ మళ్లీ మొదటికే.

"మీకిది ఎన్నో సీజన్?"

"మూడోది. పోయినేడు పద్దెనిమిదో ప్లేసు. అంతకుముందుది అడగకండి."

"అయితే ఎక్కువ స్కోరు ఎంతొస్తుంది?"

"ఎక్కువ గాదు మేడం. తక్కువ దెబ్బలు కొట్టినోడే గెలుస్తడు."

ఆమె చంకలోని పేపర్ల కట్ట వైపు చూసింది. "అంటే తక్కువ మార్కులొచ్చినవాడు ఫస్టా? మా వెనక బెంచీలో చెబితే ఇవాళే వచ్చి చేరిపోతారు."

అమీర్‌పేటలో ఇద్దరం దిగాం. ఆమె క్లాసుకు పరుగెత్తింది. నేను ఇంకో లైన్ రైలెక్కి ఊరికి అవతలి చివర ఉన్న గోల్ఫ్ క్లబ్బుకు వెళ్లాను. పేరు అడగలేదని సగం దూరం వెళ్లాక గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున సెక్యూరిటీ దగ్గర నాకంటే ముందే నిలబడి ఉంది.

"ఇవాళ నేను ముందు," అంది. "పేరు తేజస్విని. మీది సంచి మీద చదివాను, ప్రేమ్ కుమార్."

ఆ తర్వాత ఎన్ని పొద్దులు అలా గడిచాయో. ఇప్పుడు తలుచుకుంటే ఆ సగం ఖాళీ రైలు పెట్టె, మలక్‌పేట దాటాక కిటికీలోంచి ఆమె చెంప మీద పడే ఎండ, పేపర్లు దిద్దుతూ మధ్యమధ్య ఆమె పెదవి కొరుక్కోవడం, ఇవే ముందు గుర్తొస్తాయి. బయటికి చూస్తున్నట్టు నటిస్తూ నేను కిటికీ అద్దంలో ఆమెనే చూసేవాణ్ని. ఆమెకు తెలుసని చాలా రోజుల తర్వాత తెలిసింది.

మా నాన్న యాకోబు ఆ గోల్ఫ్ క్లబ్బులోనే మాలి. నల్లగొండ దగ్గరి పల్లెనుంచి వచ్చి ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగాడు. ఆ చుట్టుపక్కలే ఒక గది కిరాయికి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లుగా ఇంకా తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి వెళ్లి అక్కడి గడ్డి కోస్తున్నాడు. అమ్మ ఎలీశమ్మ కొత్తపేటలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. సెలవుల్లో నాన్న వెంట వెళ్లి మెంబర్ల సంచులు మోసేవాణ్ని. చూసి చూసి ఆట నేర్చుకున్నాను.

తేజస్విని వాళ్లది తెనాలి. వాళ్ల నాన్న పట్టాభిగారు బ్యాంకు బదిలీ మీద ఇక్కడికొచ్చి, మేనేజరుగా రిటైరై, రైతుబజార్ వెనక అపార్ట్‌మెంట్‌లో స్థిరపడ్డారు. ఆమె పొద్దున అమీర్‌పేటలో, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకు లెక్కలు చెప్పేది. తనూ అవే పరీక్షలు రాస్తూ ఉండేది.

మార్చిలో బెంగళూరు పోటీనుంచి తిరిగొచ్చాక, నా స్కోరుకార్డు అడిగి తీసుకుంది. దాన్ని ప్రశ్నపత్రంలా తిప్పి తిప్పి చూసింది.

"ఇందులో ఏ దెబ్బ ఎక్కడ పోయిందో లేదే. మొత్తం మాత్రమే ఉంది."

"మొత్తమే గద కావాల్సింది."

"కాదు. ఈసారి గుంట దగ్గరికి చేరాక కొట్టే ప్రతి దెబ్బకీ దూరం రాసుకురండి. ఎన్ని అడుగులు, పడిందా లేదా. అంతే."

కోర్సులో పద్దెనిమిది గుంటలుంటాయి, ఒక్కో గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డిని గ్రీన్ అంటాం. అక్కడ బంతిని మెల్లగా దొర్లించి కొట్టే దెబ్బ పట్. కోయంబత్తూరులో నేను ప్రతి పట్ రాస్తుంటే నా క్యాడీ మహిపాల్‌కు చిరాకొచ్చింది. యాభై ఏళ్ల మనిషి, నాన్న స్నేహితుడు, ఊరూరా నా సంచి మోసేది ఆయనే.

"ఏందిరా గీ రాతలు? పరీక్ష రాస్తున్నవా?"

"అట్లనే అనుకో కాకా."

కోయంబత్తూరులో పదకొండో స్థానం వచ్చింది. ఆదివారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె రెండు క్లాసుల మధ్య గంట విరామంలో, ఇరానీ హోటల్లో కూర్చున్నాం. కాగితాలు ముందేసుకుని, చాయ్ చల్లారేదాకా చూసింది.

"దూరం కొట్టడంలో మీరు ఎవరికీ తీసిపోరు. ఇరవై అడుగుల పట్‌లు కూడా ఫర్వాలేదు. ఆరడుగుల దగ్గర మాత్రం సగం పోతున్నాయి. అది కూడా చివరి ఆరు గుంటల్లోనే."

"గట్లేం లేదు."

"లెక్క అబద్ధం చెప్పదండీ."

"మీరు గోల్ఫ్ కోర్సు ఎప్పుడన్న చూసిండ్రా?"

"లేదు."

"చూడకుండనే నా ఆట చెప్తున్నరా? నా చేతులు నాకు తెల్వవా?"

ఆమె కాగితాలు మడిచి నా ముందు పెట్టి, బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయింది. చాయ్ అలాగే ఉంది.

ఇంటికొచ్చి మేడ మీద కూర్చున్నాను. కోపం తగ్గేసరికి మిగిలింది ఆ లెక్కే. ఆకుపచ్చ ప్లాస్టిక్ చాప పరిచి, అమ్మనడిగి తెచ్చుకున్న స్టీలు గ్లాసును అడ్డంగా పడుకోబెట్టి, ఆరడుగులు కొలిచాను. నూరు పట్‌లు కొట్టాను. మొదటి యాభైలో నలభై పడ్డాయి. అలిసిపోయాక కొట్టిన యాభైలో పాతిక.

మర్నాడు రైల్లో ఆమె వేరే పెట్టె ఎక్కింది. మలక్‌పేట దాకా పెట్టెలు దాటుకుంటూ, మనుషులకు సంచి తగిలిస్తూ, తిట్లు తింటూ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాను.

"నలభై. తర్వాత పాతిక," అన్నాను.

ఆమె తలెత్తలేదు. "యాభైకా?"

"ఆఁ."

"అలిసిపోయాక మణికట్టు తిప్పుతున్నావేమో. రోజూ రెండో యాభై కూడా కొట్టు." అప్పుడు తలెత్తింది. మాటల్లో 'మీరు' పోయిందని ఆమె గమనించలేదు. నేను గమనించాను. ఆ రోజంతా నా బంతులు ఎక్కడికి కొడితే అక్కడికే వెళ్లాయి.

మే నెలలో ఊటీ. చలి, పొగమంచు, యూకలిప్టస్ వాసన. చివరి ఆరు గుంటల్లో ఆరడుగుల పట్‌లు నాలుగొచ్చాయి. నాలుగూ పడ్డాయి. మూడో స్థానం. మహిపాల్ కాకా ఫోటో తీస్తానంటున్నా వినకుండా ముందు ఆమెకు ఫోన్ చేశాను.

"నాలుగుకు నాలుగు," అన్నాను.

అవతల క్లాసు నడుస్తోంది. "ఒక్క నిమిషం," అని పిల్లలకు చెప్పి బయటికొచ్చింది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"తేజూ, ఉన్నవా?"

"ఉన్నాను. ఊపిరి తీసుకోనీ. ఇక్కడ మార్కర్‌కి మూత కూడా పెట్టలేదు నేను."

జూన్ చివరికి పాయింట్ల పట్టికలో నాలుగో స్థానానికి వచ్చాను. తొలకరి పడింది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర నీళ్లు నిలిచినప్పుడు ఒకే గొడుగు కింద రోడ్డు దాటేవాళ్లం. గొడుగు ఆమెది, తడిసేది నా భుజం. ప్రేమ అన్న మాట ఇద్దరం ఎత్తలేదు. ఆడవలసిన ఆట ఉంది, రాయవలసిన పరీక్ష ఉంది. మాట్లాడుకోవడానికి బోలెడు అంకెలున్నాయి.

జూలైలో మైసూరు పోటీకి ఇంకా మూడు రోజులుందనగా, సాయంత్రం ఆమెను కలవడానికి వెళ్తూ డిపో ఎదురుగా తలెత్తి చూశాను. రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. కోచింగ్ సెంటర్ వాళ్లది. అందులో తేజస్విని ఫోటో. 'మా టీచరే మా విజేత. బ్యాంకు ఆఫీసరుగా విజయవాడకు.'

ఫ్లెక్సీ అంచులు ఎండకు అప్పుడే వెలిసి ఉన్నాయి. కట్టి వారం పైనే అయి ఉంటుంది.

నాకు తెలిసిపోయిందని హోటల్లో ఆమె నన్ను చూడగానే గ్రహించింది.

"మైసూరు అయ్యాక చెబుదామనుకున్నాను."

"ఊరంత సూసింది. నేనే ఆఖరు."

"నీ ఆట చెడుతుందని ప్రేమ్."

"నేనేమన్న చిన్నపోరగాన్నా? నీకు జాబ్ ఒస్తే నా ఆట ఖరాబ్ అయితదా? ఖుషీ అయితుంటి."

"నువ్వు అయ్యేవాడివి. నేనే కాలేకపోయాను." ఆమె గొంతు తగ్గింది. "చెబితే వెళ్లడం నిజమైపోతుందనిపించింది."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. విన్నాను, అంతే. అనడానికి మనసులో సిద్ధం చేసుకున్న మాట మీదే ఉన్నాను.

"నా ప్రతి దెబ్బ నీకు తెల్సు. నీది ఒక్కటి గూడ నాకు చెప్పలే," అని లేచి వచ్చేశాను.

మైసూరులో ఇరవయ్యో స్థానం.

ఆగస్టు మొదటి ఆదివారం పొద్దున ఆమె వెళ్లిపోయింది. విజయవాడ బస్సులు ఆగే చోట, ఎల్‌బీ నగర్ చౌరస్తాలో, నేను ఫ్లైఓవర్ కింద ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. రోడ్డుకు అవతల పట్టాభిగారు సూట్‌కేసు పట్టుకుని ఉన్నారు. తెల్ల చొక్కా, చేతిలో నల్ల గొడుగు. వాళ్లమ్మ శేషారత్నంగారు కూతురి దుపట్టా సర్దుతున్నారు. తేజస్విని రోడ్డుకు ఇటూ అటూ చూస్తోంది. నన్ను చూసింది. చూసి ఆగింది.

నేను దాటాలి. అరవై అడుగుల రోడ్డు. దాటలేదు. వాళ్ల నాన్న ముందు నిలబడి నేనెవరినని చెప్పుకోవాలో తెలియలేదు.

బస్సు కదిలాక మెసేజ్ వచ్చింది. 'ఎందుకు ఇవతలికి రాలేదు?'

జవాబు ఇవ్వలేదు. ఆ సీజన్‌లో నేను కొట్టిన దెబ్బలన్నింట్లోకీ చెడ్డది అదే.

విశాఖలో రెండో రోజు తర్వాత మూడో రోజు ఆడడానికి కూడా అర్హత రాలేదు. పట్టికలో ఎనిమిదో స్థానానికి జారాను. సముద్రం ఎదురుగా గోడ మీద కూర్చుంటే మహిపాల్ కాకా వేయించిన పల్లీల పొట్లం తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"కార్డు ఆ పిల్లకు పంపలేదా?"

"ఏ పిల్ల కాకా?"

"నేను ముసలోన్నిరా, గుడ్డోన్ని గాదు. రాతలు బందైనయి సూడు, ఆటా బందైంది. పంపు."

స్కోరుకార్డు ఫోటో తీసి పంపాను. ఏమీ రాయలేదు. ఏం రాయాలో తెలిస్తే కదా.

ఒక రోజు గడిచింది. మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది. 'చాలా ఘోరంగా ఉంది. దూరాలు ఎందుకు రాయలేదు?'

వెంటనే ఫోన్ చేశాను.

"తప్పయింది తేజూ. ఆ రోజు రోడ్డు దాటాల్సుండె."

"నేను కూడా ముందే చెప్పాల్సింది." ఊపిరి తీసుకుంది. "ఇంకోటి ఉంది. ఈసారి దాచను. నాన్న సంబంధాలు చూస్తానంటే, నీ గురించి చెప్పేశాను."

"ఏమన్నరు?"

"ఏమీ అనలేదు. అదే భయంగా ఉంది. రెండు రోజులు పేపరు చదువుతూనే ఉన్నాడట."

సెప్టెంబరు మూడో వారంలో హైదరాబాద్ పోటీ. మా క్లబ్బే. నాన్న చేతులు తగలని గడ్డిపరక లేని చోటు. మొదటి రెండు రోజులు బాగా ఆడాను. మూడో రోజు పద్నాలుగో గుంట పూర్తయ్యేసరికి లెక్క తేలింది. మిగిలిన నాలుగు గుంటల్లో రెండు బర్డీలు, అంటే ఒక్కో గుంటకు పెట్టిన లెక్కకంటే ఒక దెబ్బ తక్కువ రెండుసార్లు కొడితే, ఐదో స్థానానికి అవకాశం ఉంటుంది.

సరిగ్గా అప్పుడు వాన దిగింది. ఆట ఆపమని సైరన్ మోగింది.

తడుస్తూ క్యాడీల రేకుల షెడ్డులోకి పరుగెత్తాను. బల్ల మీద నాన్న, ఆయన పక్కన ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకున్న ఒక పెద్దమనిషి. తెల్ల చొక్కా, నల్ల గొడుగు. ఇద్దరి మధ్యా కాగితంలో మిరపకాయ బజ్జీలు.

నేను రేకుల చూరు కిందే నిలబడ్డాను.

"రారా," అన్నాడు నాన్న. "గీ సారు ఆట చూడనీకి ఒచ్చిండట. వానకు చిక్కుకుండు. బూట్లతోని గ్రీన్ మీదికి ఎక్కుతుంటే కేకేసిన. మంచి మనిషి, ఏమనుకోలే. సార్, వీడు నా కొడుకు. ఆడుతున్నోడు."

పట్టాభిగారు నన్ను తలనుంచి పాదాల దాకా చూశారు. నేను ఎవరో ఆయనకు తెలుసు. ఆయనెవరో నాకు తెలుసు. తెలియనిది నాన్న ఒక్కడికే.

"కూర్చో బాబూ," అన్నారు.

కూర్చున్నాను. రేకుల మీద వాన మోత. ఆయన నాన్న వైపు తిరిగారు.

"ఈ ఆటలో ఎంతకాలం నిలబడతారండీ? ఉద్యోగమంటే అరవై దాకా ఉంటుంది."

"నాకెర్క లేదు సార్. చేతుల బలమున్నన్ని దినాలు."

"గెలవకపోతే?"

నాన్న బజ్జీ తుంచాడు. "మూడేండ్లసంది సూస్తున్న. ఓడిపోయి ఒచ్చిన దినం అన్నం సక్కగ తినడు. తెల్లారి నేను లేచేసరికి మళ్ల బూట్లు తుడుస్తుంటడు. ఎవరి మీద నెట్టడు. నేను మాలిని సార్, నాకు ఆట సంగతి అంత తెల్వదు. పొద్దుగాల లేచి పనికి పొయ్యేటోన్ని సూస్తే మాత్రం సమజైతది."

పట్టాభిగారు బజ్జీ ఒకటి తీసుకుని నెమ్మదిగా తిన్నారు. నేను నా తడిసిన బూట్లు చూసుకుంటూ ఉండిపోయాను.

గంటన్నర తర్వాత వాన తెరిపిచ్చింది. నాన్న లేచి, గ్రీన్ల మీది నీళ్లు తోసే రబ్బరు కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మహిపాల్ కాకా సంచి ఎత్తాడు.

పట్టాభిగారు మడిచిన గొడుగుతో మా వెనకే నడిచారు. పదిహేనో గుంట మామూలుగా గడిచింది. పదహారులో బర్డీ. పదిహేడులో బంతి గుంట అంచున తిరిగి ఆగిపోయింది. మహిపాల్ కాకా 'హే' అని టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పద్దెనిమిదిలో రెండో దెబ్బ కొట్టి గ్రీన్ మీదికి వెళ్లి చూస్తే, గుంటకు బంతి ఆరడుగుల దూరంలో ఉంది.

నవ్వొచ్చింది. ఇంకేదైనా దూరంలో ఆగొచ్చు కదా.

గ్రీన్ అంచున నాన్న కర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు నాలుగడుగుల దూరంలో పట్టాభిగారు, బూట్లు గ్రీన్‌కు తగలకుండా జాగ్రత్తగా. నేను మణికట్లు బిగించి, ఊపిరి వదిలి, కొట్టాను.

పడింది.

అయినా సరిపోలేదు. నా వెనక వచ్చిన కోయంబత్తూరు కుర్రాడు కూడా చివరి గుంటలో బర్డీ కొట్టాడు. సీజన్ మొత్తానికి అతను ఐదు, నేను ఆరు. బోర్డు మీద పేర్లు మార్చుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఎనిమిది నెలలు, ఎనిమిది పోటీలు. నా పేరు గీతకు కింద.

పట్టాభిగారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"అతనికీ నీకూ తేడా ఎంత?"

"ఒక్క దెబ్బ సార్. గంతే."

ఆయన బోర్డునే చూస్తూ మాట్లాడారు. "అమ్మాయి మూడుసార్లు పరీక్ష తప్పింది. మూడోసారి ఒక్క మార్కుతో. ఆ రోజు గది తలుపేసుకుంది. అప్పుడు నేను, ఇంక చాలమ్మా, మానేయమన్నాను. అది నా మాట వినలేదు. విననందుకు ఇవాళ ఆఫీసరైంది." గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నారు. "నిన్ను వదిలేయమని చెప్పడానికే వచ్చాను. ఉన్నమాట చెబుతున్నాను."

"చెప్పండి సార్."

"ఇప్పుడు చెప్పలేను. మీ నాన్నగారి బజ్జీలు తిన్నాను." బోర్డు మీంచి చూపు తిప్పి నన్ను చూశారు. "ఆదివారం అమ్మాయి వస్తోంది. సాయంత్రం మీ అమ్మగారినీ నాన్నగారినీ తీసుకుని ఇంటికి రా. మా ఆవిడకి మీ కులం, మతం గురించి చాలా ప్రశ్నలున్నాయి. నాకూ ఉన్నాయి. ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం."

ఆయన వెళ్లాక నాన్న వచ్చాడు. సంగతి చెప్పాను. నాన్న కర్ర కింద పడేశాడు.

"ముందుగాల జెప్పొద్దారా? ఆయనను గడ్డి తొక్కకని తిట్టిన గద."

"ఏమనుకోలే అన్నవ్ గద నాయినా."

"అమ్మాయి తండ్రని తెలిస్తే ఇంకో నాలుగు బజ్జీలు తెప్పిస్తుంటి," అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చేతికి తడి గడ్డి వాసన. ఆరో స్థానం గురించి అప్పుడు ఏడ్చాను.

ఆదివారం సాయంత్రం వాళ్లింట్లో శేషారత్నంగారు మొదట వంటింట్లోంచి బయటికి రాలేదు. అమ్మ లేచి తనే లోపలికి వెళ్లింది. ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ నాకు చెప్పరు. గంట తర్వాత ఇద్దరూ కాఫీ గ్లాసులతో వచ్చారు. శేషారత్నంగారి కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ, మొదటి గ్లాసు నాన్నకే ఇచ్చారు.

మర్నాడు సోమవారం, క్లబ్బుకు సెలవు. తేజస్విని గోల్ఫ్ కోర్సు చూస్తానంది. గేటు దగ్గర మహిపాల్ కాకా మాట్లాడి లోపలికి పంపించాడు. ఆమె అన్నీ ఆగి ఆగి చూసింది. వానకు కడిగిన గడ్డి, దూరంగా రాళ్ల గుట్టలు, చెరువు మీద కొంగలు.

"ఇంత పెద్దదా?" అంది. "కాగితం మీద పద్దెనిమిది గడులే ఉండేవి."

పద్దెనిమిదో గ్రీన్ మీద చెప్పులు విప్పించి, బంతి ఆరడుగుల దూరంలో పెట్టి, పట్ కొట్టే నా కట్టె, పటర్, చేతికిచ్చాను. మొదటిది గుంట దాటి ఎక్కడికో పోయింది. రెండోది సగంలో ఆగింది. ఏడోసారికి చేతులు నడుము మీద పెట్టుకుని నన్ను చూసింది.

"ఇంత దగ్గర్నుంచి ఇంత కష్టమా?"

"ఆర్నెల్లు తిట్టినవ్ గద."

"నాకేం తెలుసు. కాగితం మీద చిన్నదిగానే కనిపించేది." పటర్ నాకిచ్చేసింది. "సారీ."

"తేజూ, ఒకటి అడుగుత. సూటిగ చెప్పు."

"అడుగు."

"నన్ను పెండ్లి చేసుకుంటవా?"

చెరువు మీదినుంచి గాలి వచ్చి ఆమె జుట్టు ముఖం మీదికి పడింది. తీసుకోలేదు.

"వచ్చే సీజన్ షెడ్యూల్ వచ్చిందా?"

"ఒచ్చింది."

"కోయంబత్తూరుకీ ఊటీకీ మధ్య ఎన్ని రోజులున్నాయి?"

"పదకొండు."

వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. "రిజిస్టర్ ఆఫీసుకి ఒక రోజు. మీ అమ్మగారి ప్రార్థనకి ఒక రోజు. మా అమ్మ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లాలంటోంది, దానికొకటి. ఎనిమిది మిగులుతాయి. సరిపోతాయి."

"ప్రేమిస్తున్ననని మనం ఒక్కసారి గూడ చెప్పుకోలే."

"చెప్పాలా?"

"చెప్తే మంచిగుంటది."

చెప్పింది. నెమ్మదిగా, నా వైపు చూడకుండా, గడ్డినే చూస్తూ. నేనూ చెప్పాను. తర్వాత ఏం చేయాలో ఇద్దరికీ తెలియక, ఆ తడి గడ్డి మీదే కూర్చుండిపోయాం.

పెళ్లి ఆ పదకొండు రోజుల్లోనే జరిగింది. ఆ సీజన్‌లో నాకు పెద్ద టూర్ దక్కింది. ఇప్పుడు విమానాల్లో తిరుగుతున్నాను, పెద్ద పేర్ల పక్కన ఆడుతున్నాను. తేజు బదిలీ మీద ఎల్‌బీ నగర్ బ్రాంచికి వచ్చింది. ఊరికి దూరంగా ఏ హోటల్ గదిలోనో పొద్దున మెలకువ వచ్చినప్పుడు మాత్రం, గెలిచిన రోజులకంటే ముందు నేను ఆరోవాడిగా మిగిలిపోయిన ఆ సంవత్సరమే గుర్తొస్తుంది. అప్పుడు ఇంటికి ఫోన్ చేస్తాను. ఆమె నిద్రమత్తులోనే, "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్?" అంటుంది.

"గురువారం ఒస్త," అంటాను.